న్యూయార్క్‌లో రెంట్ స్టెబిలైజ్డ్ ఇల్లు ఎక్కడ దాగుంటుంది?

న్యూయార్క్ క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్, 74వ వీధి స్టేషన్‌లో దిగగానే ఎదురయ్యేవి నగల దుకాణాలు, చీరల కొట్లు, పప్పులూ పచ్చళ్లూ అమ్మే కిరాణాలు. అవి దాటి 35వ అవెన్యూ వైపు నడిస్తే రద్దీ సద్దుమణుగుతుంది. ఎర్ర ఇటుకల భవనాలు వరుసగా కనిపిస్తాయి. వాటి నడుమ తోటలుంటాయి. వీటిలో చాలావాటిని ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో క్వీన్స్‌బరో కార్పొరేషన్ అనే సంస్థ కట్టించింది. 1993లో నగరం ఈ ప్రాంతాన్ని చారిత్రక వాడగా గుర్తించింది. పాత భవనమై, అందులో చాలా ఇళ్లుంటే రెంట్ స్టెబిలైజేషన్ చట్టం కింద అద్దె అదుపులో ఉంటుందని ఎవరో చెప్పగా విని వచ్చినవారికి, వెతుకుతున్న చోటు ఇదేననిపిస్తుంది. తీరా ఆరా తీస్తే ఆ అందమైన భవనాల్లో చాలావరకు కో-ఆప్‌లని తేలుతుంది.

కో-ఆప్‌లో ఇంటి ఓనర్ చేతిలో ఉండేవి, నిజానికి, భవనాన్ని నడిపే సంస్థలో వాటాలు. ఆ వాటాదారు దగ్గర ఇల్లు తీసుకుంటే అది సబ్‌లెట్ అవుతుంది. కో-ఆప్ బోర్డు ఒప్పుకున్నన్నాళ్లే ఉండాలి. అద్దె నియంత్రణ చట్టం ఆ ఇంటికి వర్తించదు. భవనం కో-ఆప్‌గా మారకముందు నుంచీ అద్దెకుంటూ, కొనకుండా ఉండిపోయిన పాత కుటుంబాలకు మాత్రం రక్షణ కొనసాగుతుంది. వాళ్లు ఖాళీ చేసిన రోజున ఆ ఇల్లు కూడా చట్టం చేతిలోంచి జారిపోతుంది. ఇక్కడికి రెండు మైళ్ల లోపే, కరోనా అనే వాడలో, లెఫ్రాక్ సిటీ ఉంది. 1960లలో కట్టడం మొదలైన 20 టవర్ల సముదాయం అది. జాక్సన్ హైట్స్ తోటల ముందు ఆ టవర్లు మోటుగా కనిపిస్తాయి. అయితే వాటిని కట్టిందే అద్దెకివ్వడానికి, అదీ చట్టం గీతగా పెట్టుకున్న 1974కు ముందు. వెతికేవాడు ముందు చూడవలసిన లక్షణాలు ఈ రెండూ. ఇంటి అందం, వీధి పేరు, ప్రకటనలోని ఫొటోలు ఈ విషయంలో దేనికీ ఆధారం కావు. భవనం ఎప్పుడు కట్టారు, అందులో ఎన్ని ఇళ్లున్నాయి, యాజమాన్యం ఏ రకం, పన్ను రాయితీ ఏమైనా తీసుకుందా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం వెతుకులాట అయిపోయినట్టే.

రెంట్ స్టెబిలైజేషన్ అనగానే చాలామంది చవక అద్దె అనుకుంటారు. అది పొరపాటు. ఈ చట్టం ప్రధానంగా ఇచ్చేవి రెండు హక్కులు. మొదటిది, అద్దె ఏటా ఎంత పెరగాలో ఓనర్ నిర్ణయించడు, రెంట్ గైడ్‌లైన్స్ బోర్డు నిర్ణయిస్తుంది. ఇందులో తొమ్మిది మంది సభ్యులు. అందరినీ నియమించేది మేయరే. ఇద్దరు అద్దెదారుల తరఫు, ఇద్దరు ఓనర్ల తరఫు, మిగతా ఐదుగురు ప్రజల తరఫు. రెండోది, లీజు గడువు తీరగానే మళ్లీ లీజు పొందే హక్కు. అద్దె కడుతూ, నిబంధనలు పాటిస్తూ, ఆ ఇంటినే అసలు నివాసంగా ఉంచుకున్నంత కాలం ఓనర్ తనకు నచ్చలేదని ఖాళీ చేయించలేడు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో 11 నెలల అగ్రిమెంట్లకు అలవాటుపడి, ‘మా అబ్బాయి వస్తున్నాడు, నెలాఖరుకి ఖాళీ చేయండి’ అన్న మాటకు ఎప్పుడైనా సిద్ధంగా ఉండే మన కుటుంబాలకు ఈ రెండో హక్కు విలువ విడమర్చి చెప్పనక్కర్లేదు. పిల్లల బడి, ఉద్యోగం, డాక్టరు, పక్కింటి స్నేహం అన్నీ దాని మీదే నిలబడతాయి.

ఇక్కడ ఇంకో గందరగోళం తీర్చాలి. రెంట్ కంట్రోల్ వేరు, రెంట్ స్టెబిలైజేషన్ వేరు. కంట్రోల్ అనేది రెండో ప్రపంచ యుద్ధకాలపు వారసత్వం. 1947 ఫిబ్రవరికి ముందు కట్టిన భవనంలో, 1971 జులైకి ముందు నుంచీ అదే కుటుంబం ఉంటేనే వర్తిస్తుంది. అలాంటి ఇళ్లు ఇప్పుడు వేలల్లోనే మిగిలాయి. కొత్తగా వెతికేవారికి అవి దొరికే ప్రసక్తే లేదు. సినిమాల్లో మన్‌హాటన్ నడిబొడ్డున ఎవరో నామమాత్రపు అద్దెకు పెద్ద ఇంట్లో ఉన్నట్టు చూపిస్తే అది ఈ రకం. 1969లో నగరం చేసిన చట్టం, 1974లో రాష్ట్రం చేసిన చట్టం కలిసి తెచ్చినది స్టెబిలైజేషన్. స్థూలంగా చెప్పాలంటే, 1974 జనవరి 1కి ముందు కట్టిన, ఆరు లేదా అంతకుమించి ఇళ్లున్న భవనాలు దీని కిందికి వస్తాయి. ఇవి దాదాపు పది లక్షల ఇళ్లు. నగరంలోని అద్దె ఇళ్లలో ఇంచుమించు ఐదింట రెండు వంతులు.

సాధారణ స్టెబిలైజ్డ్ ఇంటికి ఆదాయ పరిమితి కూడా లేదు. ఇది పేదల గృహవసతి పథకం కాదు. లక్షన్నర డాలర్ల జీతం వచ్చే ఇంజినీరైనా, హోటల్లో పనిచేసే కార్మికుడైనా అర్హులే. వీసా ఏదని చట్టం అడగదు. ఆదాయ పరిమితి లేకపోవడం సబబేనా అన్న చర్చ 2025 మేయర్ ఎన్నికల్లో గట్టిగానే నడిచింది. ‘అద్దెలు స్తంభింపజేస్తాం’ అన్న నినాదంతో గెలిచిన జోహ్రాన్ మమ్‌దానీ స్వయంగా ఆస్టోరియాలో స్టెబిలైజ్డ్ ఇంట్లో ఉండటాన్ని ప్రత్యర్థి ఆండ్రూ క్యూమో వేలెత్తి చూపి, ఆదాయ పరిమితి పెట్టాలన్నారు. వాదనగా అది వినసొంపుగానే ఉంటుంది. కానీ పరిమితి పెడితే ఓనర్లు తక్కువ జీతం వాళ్లకు వెతికి వెతికి ఇల్లిస్తారన్న నమ్మకమేమీ లేదు. ఏటా జీతాల లెక్కలు చూపించి ఇల్లు నిలబెట్టుకోవలసిన భయం మాత్రం అద్దెదారుకు కొత్తగా వచ్చిపడుతుంది.

పది లక్షల ఇళ్లున్నా ఎందుకు దొరకవు? నగరం క్రమం తప్పకుండా గృహాల సర్వే చేస్తుంది. అద్దె ఇళ్లలో ఖాళీల శాతం 5 దాటకుండా ఉంటేనే ‘గృహ అత్యవసర పరిస్థితి’ ఉన్నట్టు లెక్క. ఈ చట్టాలన్నీ ఆ ప్రకటన మీదే ఆధారపడి నడుస్తాయి. 2023 సర్వేలో ఖాళీల శాతం 1.41గా తేలింది. 1968 తర్వాత ఇంత తక్కువ ఎన్నడూ లేదు. స్టెబిలైజ్డ్ ఇళ్లలో అయితే అది 0.98 శాతమే. అంటే నూరు ఇళ్లలో ఒక్కటి కూడా నికరంగా అద్దెకు సిద్ధంగా లేదు. చేరినవాళ్లు కదలరు, కదలవలసిన అవసరం లేకుండా చేయడమే చట్టం ఉద్దేశం. లోపలున్నవాళ్లకు ఇది గొడుగైతే, బయట నిలబడ్డవాళ్లకు మూసిన తలుపు. ఈ చట్టాన్ని సమర్థించేవాళ్లు ఈ సంగతి దాచకుండా ఒప్పుకోవాలి.

మరో కారణం పాత లోపాల్లో ఉంది. 1994 నుంచి 2019 దాకా ఒక వెసులుబాటు ఉండేది. ఇల్లు ఖాళీ అయినప్పుడు దాని చట్టబద్ధమైన అద్దె ఒక హద్దు దాటితే, ఆ ఇల్లు శాశ్వతంగా నియంత్రణ నుంచి బయటపడేది. ఆ హద్దు మొదట 2,000 డాలర్లు. క్రమంగా పెంచుతూ పోగా 2019 నాటికి 2,774.76 డాలర్లకు చేరింది. ఖాళీ అయిన ప్రతిసారీ దాదాపు 20 శాతం అదనంగా పెంచుకోవచ్చు. దానికి తోడు, 35 ఇళ్ల దాకా ఉన్న భవనంలో మరమ్మతులకు పెట్టిన ఖర్చులో నలభయ్యో వంతును నెల అద్దెకు కలపవచ్చు. లెక్క వేసి చూస్తే సంగతి బోధపడుతుంది. 1,600 డాలర్ల ఇల్లు ఖాళీ అయింది. 20 శాతం కలిపితే 1,920. వంటగది, బాత్రూమ్ మార్చి 40,000 డాలర్లు ఖర్చు చూపిస్తే నెలకు ఇంకో 1,000. మొత్తం 2,920. హద్దు దాటింది, ఇల్లు చట్టం బయటికి పోయింది. ఒక వృద్ధురాలు ఖాళీ చేయడానికీ, ఆ ఇల్లు మార్కెట్ అద్దెకు పోవడానికీ మధ్య ఒక కాంట్రాక్టరు బిల్లే అడ్డు. బిల్లు నిజమైనదో కాదో తనిఖీ చేసే యంత్రాంగం బలహీనంగా ఉండేది. ఆ పాతికేళ్లలో లక్షకు పైగా ఇళ్లు ఇలా పోయాయి. అద్దెదారులను ఏదో ఒకలా సాగనంపాలన్న తాపత్రయం కొందరు ఓనర్లలో పెరగడానికి కూడా ఈ లెక్కే మూలం.

2019 జూన్ 14న వచ్చిన రాష్ట్ర చట్టం ఈ దారులు మూసేసింది. హద్దు దాటితే బయటపడే పద్ధతి రద్దయింది, 20 శాతం అదనం రద్దయింది. మరమ్మతుల పేరిట లెక్కలో చూపే ఖర్చుకు 15 ఏళ్లలో 15,000 డాలర్లని గరిష్ఠ పరిమితి పెట్టారు. ఆ ఖర్చంతా పెట్టినా అద్దె పెరిగేది నెలకు 90 డాలర్ల లోపే. ఓనర్ల సంఘాలు దీనిపై కోర్టుకెళ్లాయి. 2023లోనూ, 2024లోనూ ఆ వ్యాజ్యాలను విచారించడానికి అమెరికా సుప్రీంకోర్టు నిరాకరించింది. ఓనర్ల మొరలో నిజం బొత్తిగా లేదనడం న్యాయం కాదు. నలభై ఏళ్లు ఒకే కుటుంబం ఉండి వెళ్లిన ఇంట్లో వైరింగ్, పైపులు, సీసం రంగు అన్నీ మార్చాలంటే 15,000 డాలర్లు చాలవు. అందుకే కొన్ని ఇళ్లు తాళం వేసే ఉంటున్నాయి. 2024లో ఆ పరిమితిని 30,000 డాలర్లకు, దీర్ఘకాలం ఒకరే ఉండి వెళ్లిన ఇళ్ల వంటి కొన్ని సందర్భాల్లో 50,000 డాలర్లకు పెంచారు. అయితే అద్దెదారులు వెళ్లిపోతే లాభం వస్తుందన్న లెక్కతో ఎక్కువ ధర పెట్టి భవనాలు కొన్నవాళ్లు, ఆ లెక్క తప్పినందుకు వచ్చిన నష్టాన్ని ఇప్పుడు అద్దెదారుల మీదికి నెట్టడం వేరే సంగతి. 2006లో 540 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయిన స్టైవెసంట్ టౌన్, పీటర్ కూపర్ విలేజ్ కథ దీనికి తార్కాణం. జే-51 అనే పన్ను రాయితీ తీసుకుంటూ ఇళ్లను నియంత్రణ నుంచి తప్పించడం చెల్లదని 2009లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పిచ్చింది. మరుసటి ఏడాదికే కొన్నవాళ్లు అప్పులు కట్టలేక ఆ ఆస్తిని వదులుకున్నారు.

ఈ చరిత్ర ఇల్లు వెతికేవాడికి ఎందుకంటే, 2019కి ముందు బయటపడ్డ ఇళ్లు ఇంకా అవే భవనాల్లో ఉన్నాయి. 24 ఇళ్ల భవనంలో తొమ్మిదే స్టెబిలైజ్డ్ కావచ్చు, మిగతా 15 మార్కెట్ ఇళ్లు కావచ్చు. రెంట్ గైడ్‌లైన్స్ బోర్డు వెబ్‌సైట్‌లో బరోల (క్వీన్స్, బ్రూక్లిన్ లాంటి నగర విభాగాల) వారీగా భవనాల జాబితా ఉంటుంది. చిరునామా అందులో కనిపించగానే పొంగిపోవడం తొందరపాటు. ఆ భవనంలో కనీసం ఒక్క ఇల్లు నమోదై ఉందని మాత్రమే దాని అర్థం. ఇంతకన్నా మంచి ఆధారం చాలామందికి తట్టనిది, భవనం ఆస్తిపన్ను బిల్లు. నగర ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. స్టెబిలైజ్డ్ ఇళ్లకు ఓనర్ ఒక్కో ఇంటికి ఇంత అని రుసుము కట్టాలి. బిల్లులో ఆ రుసుము పక్కన ఎన్ని ఇళ్లకో అంకె ఉంటుంది. 24 ఇళ్లకు 22 అని ఉంటే ఆ భవనం గుమ్మం ఎక్కవచ్చు. మూడో నాలుగో ఉంటే అక్కడ గడిపే సమయం దండగ. కట్టిన సంవత్సరం, ఇళ్ల సంఖ్య నగర ప్రణాళికా శాఖ మ్యాపులో దొరుకుతాయి.

వాడల విషయానికొస్తే, రిచ్‌మండ్ హిల్, ఓజోన్ పార్క్ లాంటి చోట్ల రెండు మూడు కుటుంబాల ఇళ్లే ఎక్కువ. అక్కడ ఎంత వెతికినా ఈ రక్షణ ఉన్న ఇళ్లు దొరకడం అరుదు, ఆరు ఇళ్ల నిబంధన అడ్డొస్తుంది. ఫ్లషింగ్‌లో బౌన్ స్ట్రీట్ గణేశుడి గుడి చుట్టుపక్కల కో-ఆప్‌లూ అద్దె భవనాలూ పక్కపక్కనే ఉంటాయి, ఒక్కోదాన్నీ విడిగా చూసుకోవాలి. ఎల్మ్‌హర్స్ట్, వుడ్‌సైడ్‌లలో అద్దె భవనాలున్నాయి. బ్రూక్లిన్‌లో ఫ్లాట్‌బుష్, మన్‌హాటన్ ఉత్తరాన వాషింగ్టన్ హైట్స్, ఇన్‌వుడ్, బ్రాంక్స్‌లో గ్రాండ్ కాంకోర్స్ పొడవునా ఐదారంతస్తుల యుద్ధపూర్వపు భవనాలు బారులు తీరి ఉంటాయి. ఈ ప్రాంతాల్లో భవనం మొత్తం స్టెబిలైజ్డ్‌గా ఉండటం మామూలే. గంట రైలు ప్రయాణానికి సిద్ధపడినవారికి అవకాశం ఎక్కువ.

ప్రకటనల్లో ‘రెంట్ స్టెబిలైజ్డ్’ అన్న మాట చాలాసార్లు ఉండదు. ఒక చిన్న ఆనవాలు పట్టుకోవచ్చు. మార్కెట్ అద్దెలు 2,400, 2,650 అని గుండు అంకెల్లో ఉంటాయి. 1,873.42 డాలర్లు అని సెంట్లతో సహా కనిపిస్తే, ఏళ్ల తరబడి శాతాలు కలుపుతూ వచ్చిన అద్దె కావచ్చు. ఇది ఆనవాలే, రుజువు కాదు. మంచి ఇళ్లు చాలావరకు ప్రకటనదాకా రావు. భవనం బాగోగులు చూసే సూపర్‌కు, ఖాళీ చేయబోయే అద్దెదారుకు, మేనేజ్‌మెంట్ ఆఫీసుకు ముందు తెలుస్తుంది. తలుపు పక్కన అతికించిన బోర్డు మీద మేనేజ్‌మెంట్ ఫోన్ నంబరు ఉంటుంది. నచ్చిన వీధిలో నాలుగు భవనాలు ఎంచుకుని, ఆ నంబర్లకు నెలకోసారి ఫోన్ చేయడం మొరటు పద్ధతిలా కనిపించినా ఫలితం ఉంటుంది. అయితే లీజు ‘ఇప్పిస్తా’నంటూ చేతికింద డబ్బు అడిగేవారితో జాగ్రత్త. స్టెబిలైజ్డ్ లీజును అద్దెదారు అమ్ముకోలేడు. అలాంటి ‘తాళంచెవి సొమ్ము’ తీసుకోవడం చట్టవిరుద్ధం.

దరఖాస్తు దగ్గర మనవాళ్లకు రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. నెల అద్దెకు 40 రెట్లు వార్షికాదాయం ఉండాలన్నది ఆనవాయితీ. 1,900 డాలర్ల ఇంటికి 76,000 డాలర్ల జీతం చూపాలి. లేకపోతే పూచీదారు కావాలి, ఆయనకు సాధారణంగా 80 రెట్లు అడుగుతారు. కొత్తగా వచ్చినవారికి క్రెడిట్ చరిత్ర ఉండదు. ఇంటి దగ్గర చేసినట్టు ‘ఆరు నెలల అడ్వాన్సు కడతాం’ అంటే కుదురుతుందనుకుంటారు. కానీ 2019 తర్వాత డిపాజిట్ గానీ అడ్వాన్సు గానీ ఒక నెల అద్దెకు మించి వసూలు చేయకూడదు. దరఖాస్తు, క్రెడిట్ తనిఖీ పేరిట తీసుకునేది 20 డాలర్లు మించకూడదు. ఇక 2025 జూన్ 11 నుంచి బ్రోకర్‌ను ఎవరు పెట్టుకుంటే వారే ఫీజు కట్టాలి. అంతకుముందు ఓనర్ పెట్టుకున్న బ్రోకర్‌కు కూడా అద్దెకు వచ్చేవాళ్లే ఏడాది అద్దెలో 12 నుంచి 15 శాతం ముట్టజెప్పేవాళ్లు. ఇప్పుడు ఎవరైనా అడిగితే, కారణం అడిగే హక్కుంది.

కొత్త భవనాల సంగతి చూద్దాం. లాంగ్ ఐలాండ్ సిటీ, డౌన్‌టౌన్ బ్రూక్లిన్‌లలో అద్దాల టవర్లలో కూడా స్టెబిలైజ్డ్ ఇళ్లుంటాయి. కొత్త కట్టడాలకిచ్చే 421-ఏ అనే పన్ను రాయితీ తీసుకున్నందుకు ఓనర్ ఒప్పుకున్న షరతు అది. వీటిలో రెండు రకాలు. ఒకటి, నగరం నడిపే హౌసింగ్ కనెక్ట్ వెబ్‌సైట్‌లో లాటరీ ద్వారా ఇచ్చే ఇళ్లు. వీటికి ఆదాయ పరిమితి ఉంటుంది, పైకీ కిందికీ కూడా. జీతం కాస్త ఎక్కువైనా, కాస్త తక్కువైనా పోతుంది. కొన్ని ఇళ్లకు వేలమంది పోటీ పడతారు. పిలుపు రావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఉచితం కాబట్టి దరఖాస్తు చేయాలి, దాని మీద ఆశపెట్టుకుని వెతకడం ఆపకూడదు. రెండో రకం, పాత 421-ఏ భవనాల్లో మార్కెట్ అద్దెకిచ్చిన ఇళ్లు. మొదటి అద్దె ఎక్కువే ఉంటుంది, ఆ తర్వాతి పెంపుదల మాత్రం బోర్డు చెప్పినంతే. ఇక్కడ చిక్కు ఏమిటంటే, రాయితీ గడువు తీరాక రక్షణ కూడా పోవచ్చు. ఆ గడువు ఎప్పుడో ప్రతి లీజులోనూ, ప్రతి రెన్యువల్‌లోనూ రాసి ఇవ్వాలి. ఇంకో చిక్కు ‘ఒక నెల ఉచితం’ అన్న ఆశ. చట్టబద్ధమైన అద్దె 3,600 అని రాసి, ఏడాదికి 11 నెలలే తీసుకుని, ప్రకటనలో 3,300 అని చూపిస్తారు. రెన్యువల్ వచ్చేసరికి శాతం లెక్క కట్టేది 3,600 మీద.

ఇల్లు కుదిరింది, సంతకం దగ్గరికొచ్చింది. లీజుకు స్టెబిలైజేషన్ రైడర్ అనే పత్రం జతచేయాలి. ముందున్న అద్దె ఎంత, కొత్త అద్దెకు ఎలా వచ్చారో అందులో ఉంటుంది. రైడర్ లేకుండా ‘అది స్టెబిలైజ్డే, నమ్మండి’ అంటే నమ్మనక్కర్లేదు. రైడర్ ఇవ్వలేదు కాబట్టి స్టెబిలైజ్డ్ కాదనీ అనుకోనక్కర్లేదు. చెప్పకుండా మార్కెట్ అద్దెకు ఇచ్చినవీ ఉన్నాయి. అసలు రుజువు రాష్ట్ర గృహ శాఖ అయిన డీహెచ్‌సీఆర్ ఇచ్చే రెంట్ హిస్టరీ. 1984 నుంచీ ఓనర్లు ఏటా ఆ ఇంటి అద్దెను నమోదు చేయాలి. ఆ చిట్టా అద్దెదారుకు ఉచితంగా, అదే ఇంటి చిరునామాకు పోస్టులో వస్తుంది. కష్టమేమిటంటే, ఇంట్లో చేరకముందు అడిగే వీలు లేదు. ఖాళీ చేస్తున్నవారు సహృదయులైతే వాళ్లను తెప్పించి ఇమ్మని అడగవచ్చు. లేదంటే చేరిన వారంలోనే తెప్పించుకోవాలి.

ఆ చిట్టా చదవడానికి లాయరు అక్కర్లేదు. సంవత్సరం వారీగా అద్దె అంకెలు కిందికి చూసుకుంటూ పోవాలి. రెండు మూడు శాతాల చొప్పున మెల్లగా ఎక్కుతూ వచ్చిన అంకె ఒక్కసారి 1,100 నుంచి 1,950కి ఎగిరిందంటే అక్కడ వేలు పెట్టి ఆగాలి. మధ్యలో నాలుగైదేళ్లు నమోదే లేకపోయినా ఆగాలి. ఇల్లు ‘శాశ్వత మినహాయింపు’ అని రాసి ఉంటే ఏ సంవత్సరంలో, ఏ కారణంతో అన్నది చూడాలి. అనుమానం బలపడితే డీహెచ్‌సీఆర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సాధారణంగా ఆరేళ్ల వెనక్కి లెక్క తీస్తారు. కావాలని ఎక్కువ వసూలు చేసినట్టు తేలితే మూడింతలు తిరిగివ్వాలి. ఫిర్యాదు చేసినందుకు లీజు ఆపేసే అధికారం ఓనర్‌కు లేదు. నిజంగా ఈ వ్యవస్థలో బాధాకరమైన విషయం ఇక్కడే ఉంది. తప్పు జరిగిందో లేదో వెతికి పట్టుకునే భారం ప్రభుత్వం మీద కాకుండా, భాష సరిగా రాని, ఊరు కొత్తైన అద్దెదారు మీద పడింది. అడగనివాడికి ఏ అధికారీ వచ్చి చెప్పడు.

అద్దె చూసి మురిసేముందు భవనం ఆరోగ్యం చూడాలి. నగర గృహ శాఖ హెచ్‌పీడీ వెబ్‌సైట్‌లో చిరునామా కొడితే ఫిర్యాదులు, ఉల్లంఘనలు వస్తాయి. ఉల్లంఘనల్లో సీ తరగతి అంటే తక్షణ ప్రమాదం: వేడి లేకపోవడం, సీసం రంగు, ఎలుకలు లాంటివి. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా, పగలు బయట ఉష్ణోగ్రత 55 ఫారన్‌హీట్ డిగ్రీల కంటే తగ్గితే ఇంట్లో 68 ఉండేలా ఓనర్ వేడి ఇవ్వాలి. రాత్రి కనీసం 62. సీ ఉల్లంఘనలు పదుల సంఖ్యలో పేరుకున్న భవనంలో 300 డాలర్లు తక్కువని చేరితే, జనవరి రాత్రులు ఆ తేడాను వసూలు చేసుకుంటాయి.

తెలుగు విద్యార్థులు, కొత్త ఉద్యోగులు చాలామంది ఇంకొకరి స్టెబిలైజ్డ్ ఇంట్లో ఒక గదిలో దిగుతారు. లీజులో పేరు లేకపోతే ఆ ఇంటి మీద రెన్యువల్ హక్కు రాదు. అసలు అద్దెదారు వెళ్లిపోతే వీళ్లూ వెళ్లవలసిందే. అయితే అసలు అద్దెదారు తన వాటా కూడా వీళ్ల మీదే వేసి లాభం చేసుకోవడానికి వీల్లేదు. ఇద్దరుంటే సగానికి మించి తీసుకోకూడదు. మొత్తం అద్దె ఎంతో చూపించమని అడగడం తప్పు కాదు. మరో జాగ్రత్త లీజు ఉన్నవారికి. ఉద్యోగం డాలస్‌కు మారినా, ఏడాదిలో ఎక్కువ నెలలు హైదరాబాద్ నుంచి పనిచేస్తున్నా, ‘ఎందుకైనా మంచిద’ని న్యూయార్క్ ఇల్లు ఉంచుకునేవాళ్లున్నారు. ఏడాదిలో కనీసం 183 రోజులైనా ఆ ఇంట్లో ఉండకపోతే అది అసలు నివాసం కాదని ఓనర్ కోర్టులో వాదించవచ్చు. బ్యాంకు లావాదేవీలు, పన్ను పత్రాలు, కరెంటు బిల్లులు అన్నీ అక్కడ సాక్ష్యాలవుతాయి. ఒకరి దగ్గర తాళం పడి ఉన్న ఇల్లు మరొకరికి దొరకని ఇల్లేనన్నది కూడా ఆలోచించవలసిన మాటే.

రెన్యువల్ పత్రం గడువుకు 90 నుంచి 150 రోజుల ముందు రావాలి. తిప్పి పంపడానికి 60 రోజుల వ్యవధి ఉంటుంది. ఏడాదికా, రెండేళ్లకా అన్నది అద్దెదారు ఇష్టం. 2025 అక్టోబర్ నుంచి 2026 సెప్టెంబర్ మధ్య మొదలయ్యే లీజులకు బోర్డు ఏడాదికి 3 శాతం, రెండేళ్లకు 4.5 శాతం నిర్ణయించింది. 1,800 డాలర్ల ఇంటికి ఏడాది లీజైతే 1,854. రెండేళ్ల లీజైతే 1,881, రెండేళ్లూ అదే. రెండేళ్ల మొత్తం 45,144 డాలర్లు. ఏడాది లీజు తీసుకుని, మరుసటి ఏడు పెంపు దాదాపు 2.9 శాతం కంటే తక్కువ వస్తేనే ఏడాది లీజు లాభం. గతంలో 2015, 2016, 2020 నిర్ణయాల్లో ఏడాది లీజులకు పెంపు సున్నా. అలాంటి నిర్ణయం మళ్లీ రావచ్చనుకునేవాళ్లు ఏడాది లీజు వైపు మొగ్గుతారు, అనిశ్చితి వద్దనుకునే కుటుంబాలు 27 డాలర్లు అదనంగా కట్టి రెండేళ్లు తీసుకుంటాయి. ఏది ఎంచుకున్నా సంతకం చేసిన ప్రతిని సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, రసీదును లీజుతో పాటు దాచాలి. తర్వాతి రెన్యువల్ రోజున ఓనర్ మారి ఉండవచ్చు, మేనేజ్‌మెంట్ మారి ఉండవచ్చు, పాత అంకెను చూపించేది ఆ కాగితాల కట్టే.